పటేల్ పేరు పక్కన ఉత్తర దిక్కు

ఆ రోజుల్లో నాకు, లోకంలో ఏ చిక్కునైనా ఒకటి, రెండు, మూడు అని వరుసగా రాసుకుంటే చాలు, దానంతటదే విడిపోతుందని గట్టి నమ్మకం. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి వచ్చినవాణ్ణి కదా, అన్నానికి కూర్చునేటప్పుడు కూడా కంచం, నీళ్ళు, పచ్చడి అని మనసులో టిక్కులు పెట్టుకునేవాణ్ణి (ఇప్పటికీ పెడతాను, పైకి తెలియనివ్వను). జనగామ బస్టాండు దగ్గర, మిఠాయి దుకాణం పైన, రెండు కంప్యూటర్ల ఆఫీసులో నా మొదటి ఉద్యోగం. మిల్లులకూ గోదాములకూ కరెంటు డ్రాయింగులు గీసి ఇవ్వడం మా పని. మా యజమానికి నేను లోలోపల పెట్టుకున్న పేరు ‘రివిజన్ సార్’. డ్రాయింగులో చుక్క మారినా “రివిజన్ నంబర్ పెంచినవా తమ్మీ?” అని అడిగేవారు. చాయ్‌లో చక్కెర ఎక్కువైనా అదే ప్రశ్న. కొన్నాళ్ళు పని చూసి పర్మినెంట్ చేస్తానన్నారు. టేకుమట్లలో మా నాయిన మాత్రం అన్నాళ్ళు ఆగలేదు. “మావోడు జనగామల కరెంటు ఇంజనీర్” అని మొదటి వారమే ఊరంతా చాటేశాడు. ఇక ఆ ఉద్యోగం ఊడితే నేను ఊళ్ళోకి వెళ్ళాల్సింది చీకటి పడ్డాకే.

సరిగ్గా ఆ గడువు ముగిసే వేళకు మహబూబాబాద్ అవతల ఖాళీ జాగాలో కట్టబోయే రైస్ మిల్లు పని వచ్చింది. నలభై షీట్ల డ్రాయింగులూ పూర్తయ్యాక మిల్లు యజమాని పటేల్ తన మిల్లుకు వాళ్ళమ్మ పేరు పెట్టుకుంటానన్నాడు. అంటే ప్రతి షీటులోనూ టైటిల్ బ్లాక్ మార్చాలి. డ్రాయింగు అడుగున, కుడి మూలలో గళ్ళ పెట్టె ఒకటి ఉంటుంది. పని ఎవరిది, గీసిందెవరు, సరిచూసిందెవరు, ఎన్నోసారి మార్చారు, అన్నీ అందులోనే. దానికి ఇంటి పేరు, గోత్రం అన్నీ కలిపినంత మర్యాద. నేను మాత్రం ఒక్కో షీటూ తెరవకుండా, ఒకచోట మారిస్తే నలభైలోనూ మారిపోయేలా అమర్చి, ఎంటర్ నొక్కి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. అన్నీ మారిపోయాయి! ఆ పూట కింది దుకాణంలోంచి వచ్చే నేతి వాసన కూడా నా కోసమే వస్తున్నట్టు తోచింది.

సంతకం పెట్టడానికి వచ్చిన పటేల్ మొదటి షీటు చూడగానే పెన్ను మూత పెట్టేశాడు.

“గిదేంది సార్? మా అమ్మ పేరు, నా పేరు తీస్కపోయి ఆగ్నేయంల పెట్టిండ్రు?”

కాగితానికి పైభాగం ఉత్తరమనుకుంటే, కింది కుడి మూల ఆగ్నేయమే మరి. సార్ నవ్వబోయి మానుకున్నారు. “కరెంటంటే అగ్గే కద పటేలా. అగ్గి ఆగ్నేయంలనే ఉండాలె.”

“కరెంటు ఉండని, నేనొద్దన్ననా? నా పేరెందుకుండాలె అగ్గిల? ఈశాన్యంల నీళ్ళుండాలె, దేవుడుండాలె, పేరుండాలె. మా భూపాలపల్లి సిద్ధాంతి చూస్తే నన్ను బతకనిస్తడా?”

“షీటు మడత పెడితే పేరు పైకి కనబడాలె పటేలా. అందరు గిట్లనే పెడ్తరు.”

“అందరి మిల్లులు గిట్లనే మునుగుతున్నయ్.”

సార్ నన్ను మెట్ల దగ్గరికి తీసుకుపోయారు. “తమ్మీ, పెట్టె కదలొద్దు, పటేల్ చేజారొద్దు. ఏం చేస్తవో చెయ్యి. నీ పర్మినెంట్ ముచ్చట గూడ దీంట్లనే ఉన్నదనుకో.”

నేను కూర్చుని వరుసగా ఆలోచించాను. పెట్టె కదలకూడదు. పటేల్ ఎలాగూ కదలడు. మిగిలింది దిక్కు. కాబట్టి దిక్కునే కదిపాను! టైటిల్ బ్లాకులో పటేల్ పేరు పక్కనే ఉత్తర దిక్కు బాణం ఒకటి, కుడివైపు చూపిస్తూ, దిట్టంగా గీశాను. కుడివైపు ఉత్తరమైతే కిందివైపు తూర్పు. ఆ రెండింటి నడుమ మూల ఈశాన్యం. (కరెంటు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో చూపే గీతల బొమ్మలకు దిక్కులుండవు. వంశవృక్షానికి ఉత్తర దిక్కు పెట్టినట్టే అది. కానీ ఎవరికి నష్టం?) మళ్ళీ ఎంటర్ నొక్కాను. నలభై షీట్లలోనూ ఉత్తరం తిరిగింది.

పటేల్ కొత్త షీటు పట్టుకుని, బాణాన్ని అసలు ఉత్తరానికి సరిచూసుకుంటూ, చక్రాల కుర్చీలో తానే గిర్రున తిరిగి ఆగాడు. ముఖం విప్పారింది. “గదీ లెక్క! గింత చిన్నపనికి మీ సార్ నన్ను పరేషాన్ చేసిండు గద పిలగా!” మంచిరోజు చూసి సంతకం పెడతానంటూ కట్ట మొత్తం చంకన పెట్టుకుని వెళ్ళాడు.

తరువాతి వారం పొద్దున్నే సార్ ఫోన్. “తమ్మీ, పటేల్ జాగాల ట్రాన్స్‌ఫార్మర్ గద్దెకు గుంత తవ్విర్రంట.”

“మంచిదే కద సార్.”

“ఈశాన్యంల తవ్విర్రంట.”

అప్పుడు గుర్తొచ్చింది. ఆ నలభైలో ముప్పై తొమ్మిదింటికి దిక్కులు అక్కర్లేదు. మిగిలిన ఒక్కటీ జాగా నక్షా. ట్రాన్స్‌ఫార్మర్ ఏ మూల ఉండాలో చూపేది అదే. నా బాణం దానికీ చేరింది. పటేల్ పేరు ఆగ్నేయంలోంచి ఈశాన్యానికి వెళ్తూ వెళ్తూ ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా వెంటబెట్టుకుపోయింది.

మహబూబాబాద్ రైల్లో సార్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. కాజీపేట దాటాక నాయిన ఫోన్ చేశాడు.

“పర్మినెంట్ అయినవా కొడుకా?”

“ఇయ్యాల తెలుస్తది నాయినా.”

“తెలిసినంక మిఠాయి తీస్కరా. ఆఫీసు కిందనే దుకాణమంటివి గద.”

సార్ కిటికీలోంచి చూస్తూనే, “కిలో చెప్పకు, పావుకిలో చెప్పు,” అన్నారు.

జాగాకు చేరేసరికి మేస్త్రి ఒక్కడే ఉన్నాడు. “నక్షాల రెండు ఉత్తరాలున్నయ్ గద తమ్మీ,” అని సార్ నిలదీస్తే, అతను ఏమాత్రం తడబడకుండా, “ఉన్నయ్ సార్. ఒకటి పైన సన్నగ ఉన్నది. ఇంకోటి పటేల్ పేరు పక్కన పెద్దగ ఉన్నది. పటేల్ పక్కన ఉన్నదాన్ని ఇడిసిపెట్టి ఎటో ఉన్నదాన్ని నమ్ముతమా?” అన్నాడు.

ఇంతలో పటేల్ కారు వచ్చి ఆగింది. గుంత సంగతి అతనూ ఫోన్లో విన్నాడే గానీ చూడడం అదే మొదలు. గట్టు మీదికెక్కి లోపలికి తొంగిచూశాడు. ముందురోజు కురిసిన వానకు గుంత నిండుగా ఉంది. నేను పావుకిలో కూడా అక్కర్లేదనుకున్నాను. పటేల్ మాత్రం మెల్లగా చెప్పులు విడిచాడు. వంగి, దోసిట నీళ్ళు తీసుకుని నెత్తిన చల్లుకున్నాడు!

“ఈశాన్యంల ముందుగాల నీళ్ళు వెట్టు, ఆయింత ఏదన్న కట్టు అని సిద్ధాంతి ఎన్నటి సంది మొత్తుకుంటున్నడు. నేనే ఇనలే. ఇయ్యాల గంగమ్మ తనే అచ్చి కూసున్నది. మేస్త్రీ, దీన్ని సంపు చెయ్యి. ట్రాన్స్‌ఫార్మర్ గా మూలకు తియ్యి, ఆగ్నేయంల.” నా వైపు తిరిగి, “గా బాణం నువ్వే గీసినవ్ గద పిలగా?” అన్నాడు.

సార్ క్షణం ఆలస్యం చేయలేదు. “మావోడు నీళ్ళ ముచ్చట అంత ముందే సోంచాయించి గీసిండు పటేలా!”

కారు బానెట్ మీద నలభై సంతకాలూ పడ్డాయి. తిరుగు రైల్లో సార్ నవ్వు మొదలుపెట్టి, ఆపలేక, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “పోయి నక్షా మీద బాణం తీసెయ్యి. రివిజన్ గడిల ఏం రాస్తవ్?” “ఉత్తర దిక్కు సవరించబడినది అని రాస్త సార్.” “సూర్యునికి గూడ ఒక కాపీ పంపు తమ్మీ, పొద్దున ఎటు దిక్కు రావాల్నో తెలుస్తది.” ఆ మాటలోనే నేను పర్మినెంట్ అయ్యాను. మిఠాయి కిలో కొన్నాను.

ఈమధ్య పనిమీద మహబూబాబాద్‌లో దిగి, ఆ మిల్లు వైపు వెళ్ళాను. సంపు నిండుగా ఉంది. ఆఫీసుగదిలో దేవుడి పటాల వరుసలో మా మొదటి షీటు, అద్దం కట్టించి ఉంది. ఏళ్ళ తరబడి పెట్టిన కుంకుమ టైటిల్ బ్లాక్ మీద గట్టిపడిపోయింది. పటేల్ పేరు కొంచెం కనిపిస్తోంది. ‘గీసినవారు’ గడిలో నా పేరు మాత్రం పూర్తిగా మునిగిపోయింది, బాణం మొన ఒక్కటే కుంకుమలోంచి బయటికి వచ్చి కుడివైపు చూపిస్తోంది. ఇప్పుడు నేను ఏ నక్షా తెరిచినా ముందు ఉత్తరం ఎటో చూసుకుంటాను, రెండుసార్లు చూసుకుంటాను. చిక్కొస్తే దిక్కునే తిప్పేద్దామన్న ఆలోచన నాకిక రాదు. అది వచ్చిన ఆ కుర్రవాడి మీద ఎందుకో కొంచెం అసూయ కలిగింది. వెళ్తూ వెళ్తూ ఆ పటానికి నేనూ ఒక దండం పెట్టుకున్నాను.