ఫ్యాను లేని కంప్యూటర్

గార్ల బస్టాండు వెనక, కారం పట్టే గిర్నీని ఆనుకొని రెండు గదులున్నాయి. ఒకదాంట్లో గోప్యా కార్లకు పాటల సామాను బిగిస్తాడు. రెండోదాంట్లో అతని భార్య రాజీ ఊరివాళ్లకు, తండాలవాళ్లకు ఆన్‌లైన్ దరఖాస్తులు నింపి పెడుతుంది. గిర్నీకి వచ్చినవాళ్లే ఆమె దగ్గరికీ వస్తారు కాబట్టి ఆ చోటు వదల్లేరు. ఉందామంటే కంప్యూటర్లు బతకవు. కారం దుమ్ము ఫ్యానులోకి పోయి ఎర్రటి ముద్దలా పేరుకుపోతుంది. రెండేళ్లలో రెండు పోయాయి. వనజ అనే అమ్మాయి నర్సింగు దరఖాస్తు సగంలో ఉండగా మూడోదీ ఆగిపోయింది. ఆ రోజే ఆఖరు తేదీ. రాజీ ఆమెను ఆటో ఎక్కించి మహబూబాబాద్ పంపి, గదిలోకొచ్చి తలుపేసుకుంది.

గోప్యా ఆ పెట్టెను మహబూబాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేసే రాజేందర్ దగ్గరికి మోసుకుపోయాడు.

"ఫ్యాను లేకుంట నడువదా అన్న?"

"వేడి ఎటు పోతది తమ్మీ? దుకాణమే మార్చుకోరి."

తిరిగొచ్చి కూర్చున్నాక కూడా, వేడి ఎటు పోతదన్న మాటే అతని మనసులో మెదిలింది. హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లు కార్ల సీట్ల కింద పాటల మోత పెంచే ఆంప్లిఫయర్లు బిగించాడు తను. గాలాడని చోట అవి గంటలకొద్దీ మోగేవి. చాలావాటికి ఫ్యాన్లే ఉండవు. పైనున్న అల్యూమినియం గాడులే వేడినంతా లాగేసేవి. ఎవరో వదిలేసిపోయిన కాలిన ఆంప్లిఫయర్ ఒకటి అటక మీదుంది. దాన్ని దించి జానపెట్టి కొలిచాడు. పొడవు రెండు జానలు, వెడల్పు జానెడు పైనే.

మర్నాడు ఆ డబ్బాలోనే కంప్యూటర్ బిగిస్తానంటే రాజేందర్ నవ్వాడు గానీ, జానెడు మదర్‌బోర్డు ఒకటి తెప్పించి ఇచ్చాడు.

లోపలి కాలిన సామానంతా పీకేసి, పక్కరేకుకు వైర్ల కోసం బెజ్జాలు కొట్టి ఆకురాయితో నునుపు చేశాడు గోప్యా. ప్రాసెసర్ వేడి డబ్బా మీది గాడుల పైకప్పుకు చేరాలని మధ్యలో అల్యూమినియం దిమ్మె పెట్టి, వేడి దాటడానికి ట్రాన్సిస్టర్ల కింద రాసే తెల్ల పేస్టే రాశాడు. స్విచ్ వేస్తే తెర వెలిగింది. రాజీ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇరవై నిమిషాలకు టప్పున ఆగిపోయింది.

"ఇగ చాలు తియ్యి," అంది రాజీ నీరసంగా.

గోప్యా పైకప్పు మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది.

"లోపల కాలుతుంటే మీద సల్లగెట్లుంటది? వేడి పైకొస్తలేదు రాజీ!"

పక్కరేకు విప్పి అటువైపు టార్చి పట్టుకోమన్నాడు. ఇటునుంచి చూస్తే దిమ్మెకూ పైకప్పుకూ మధ్య వెంట్రుకంత వెలుగు కనిపించింది. దిమ్మె పొట్టిదైంది, పేస్టు ఆ సందును నింపలేకపోయింది. లేతు మిషన్ దగ్గర కూర్చుని, ఒకటికి నాలుగుసార్లు కొలిపించి కొత్త దిమ్మె కోయించాడు. ఈసారి టార్చి వెలుగు దాటలేదు.

మర్నాడు పొద్దున వేసిన కంప్యూటర్‌ను సాయంత్రం దాకా ఆపలేదు. పక్కన గిర్నీ ఆడుతూనే ఉంది. రాజీ పదకొండు దరఖాస్తులు నింపింది. నడుమ నడుమ చెయ్యి చాచి పైకప్పును తాకి చూస్తోంది. చాయ్ గిలాసంత వెచ్చగా ఉందంతే.

"ఏందక్కా గిది? పాటలొస్తయా?" అని అడిగిందొకామె.

"రావు. మా ఆయన చేసిన కంప్యూటర్," అంది రాజీ, తల ఎత్తకుండానే. ఆ మాట గోడ అవతల ఉన్న గోప్యాకు వినబడింది.

మిర్చి కాలం అయిపోయేదాకా అది ఒక్కసారీ మొరాయించలేదు. ఎండలు ముదిరాక రాజేందరే స్వయంగా వచ్చాడు. పెట్టె చుట్టూ తిరిగి చూసి, పక్కరేకు విప్పించాడు. లోపల పేరుకున్నది పలచటి పొడే. బ్రష్షుతో దులిపితే పోయింది.

"జనగామల పత్తి మిల్లోల్లు నా పానం తీస్తున్నరు. దూది చొచ్చి కంప్యూటర్ నెలకోసారి ఆగిపోతదట. గిసొంటిది చేసిస్తవా గోప్యా?"

"పెట్టె దొరుకాలె అన్న."

ఆ ఆదివారం మొగుడూ పెళ్లాలిద్దరూ బండి మీద ఖమ్మం పోయారు. పాత కార్ల సామాను అమ్మే దుకాణంలో, కుప్పలోంచి ఒక ఆంప్లిఫయర్ తీశాడు గోప్యా. రాజీ దాని గాడుల మీద వేలు నడిపి పక్కన పెట్టేసింది.

"గిది పలుచగున్నది, వేడి గుంజదు. మందంది చూడు," అని తనే కుప్పలోకి వంగింది.