బాతు చుట్టూ దారం

లెక్కల్లో తప్పినవాళ్లున్నారు, ఇంగ్లీషులో తప్పినవాళ్లున్నారు. నేను బాతులో తప్పాను. అప్పటికి నేను బాతును కళ్లారా చూసి కూడా ఎరుగను.

అరవైల మొదట్లో సంగతి ఇది. కళ్యాణదుర్గం దాటాక బస్సు దిగి నాలుగు మైళ్లు నడిస్తే మా ఊరు. వానలు వరసగా మొహం చాటేసిన సంవత్సరాలు. మేమూ ఊరుకోలేదు. కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పాం, ప్రతి ఇంటివాళ్లూ దాని మీద చెంబెడు నీళ్లు పోశారు. కప్ప ఒక్కటే తడిసింది. అలాంటి ఊరికి ప్రభుత్వంవారు వాన పంపలేక కుట్టు మిషను పంపారు.

మిషను వచ్చింది మహిళా మండలి పేరు మీద. మండలికి ఒక ప్రెసిడెంటమ్మ ఉండేది. ఆమె ప్రెసిడెంటు ఎలా అయిందంటే, ఆమె మొగుడు ఊరికి ప్రెసిడెంటు. మిషను నేరుగా వాళ్లింటి నడవలోకి వెళ్లి కూర్చుంది. ఆమె దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పైన ఒక గుడ్డ కప్పి, గుడ్డ మీద తాంబూలం పళ్లెం పెట్టింది. కాలితో తొక్కే మిషను అది. లక్ష్మీదేవిని కాలితో తొక్కుతారా అని ఆమె ప్రశ్న. దానికి సమాధానం చెప్పగలిగిన మగవాడు మా ఊళ్లో లేడు. ఏడాది పాటు ఆ మిషను మీద ఒక్క జాకెట్టూ కుట్టలేదు.

చివరికి బ్లాకు ఆఫీసు నుంచి వచ్చే గ్రామసేవిక ఒక షరతు పెట్టింది. ఊళ్లో ఏ ఆడపిల్ల అనంతపురం పోయి ఆరు నెలలు కుట్టుపని నేర్చుకుని పరీక్ష పాసవుతుందో, మిషను ఆ పిల్ల ఇంటికి పోతుంది. ఎవరూ పాసు కాకపోతే ఉన్నచోటే ఉంటుంది. ప్రెసిడెంటమ్మ సరేనంది. మా ఊరి ఆడపిల్ల పరీక్ష పాసవుతుందన్న భయం ఆమెకు లేదు.

నాకా మిషను కావాలి. విత్తనానికి శనక్కాయలు వలిచి వలిచి నా బొటనవేళ్ల గోళ్లు అరిగిపోయి ఉండేవి. బతుకంతా ఆ కాయల ముందే కూర్చోవాలన్న ఆలోచన వస్తే లేచి బయటికి పోయేదాన్ని. ఆ రోజుల్లో దేవుడు ప్రత్యక్షమై ఏం కావాలో కోరుకోమంటే, వానకన్నా ముందు మిషనే అడిగేదాన్ని. ఈ మాట ఇప్పుడు చెప్పినా ఫరవాలేదు, నన్ను తిట్టాల్సినవాళ్లు చాలామంది పోయారు. శిక్షణలో చేరిన పిల్లలకు అక్కడే రెండు పూటలా భోజనం పెడతారని విని నాయన వెంటనే ఒప్పుకున్నాడు. ఆ ఏడు ఆయనను తప్పు పట్టలేను.

అమ్మకు మిషను తెలియదు, సూది తెలుసు. మా ఇంట్లో ప్రతి గుడ్డకూ ఆమె చేత్తో వేసిన అతుకులు ఉండేవి. ఆమెకు ఒక పద్ధతి ఉంది, అది ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఎండాకాలం తాగడానికి ఎండిన వంక ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తెచ్చుకునేవాళ్లం. ఉతకడానికి మాత్రం బావి అడుగున మిగిలిన ఎర్రటి నీళ్లే గతి. తెల్ల పంచె ఏదైనా సరే, మూడు ఉతుకులకు మా చేను రంగుకు వచ్చేసేది. అంగడి దారం నున్నటిది, మెరుపుది, మన్ను అంత తొందరగా పట్టదు. తెల్ల పంచెకు తెల్ల దారంతో అతుకు వేస్తే నెల తిరిగేసరికి పంచె ఎర్రబడేది, దారం మాత్రం తెల్లగా పళ్లికిలించేది. ఊరందరికీ అతుకు కనపడేది. అందుకని అమ్మ దారాన్ని ముందే బావి అడుగు నీళ్ల ముంతలో నానేసేది, ఎండబెట్టేది, మళ్లీ నానేసేది. దారం బాగా మన్ను తాగాక అప్పుడు సూదికెక్కించేది. గుడ్డ ఇప్పుడు ఏ రంగులో ఉందన్నది ఆమెకు పట్టదు, రేపు ఏ రంగుకు వస్తుందన్నదే చూసేది.

అనంతపురంలో మాకు నేర్పిన టీచరమ్మ మంచిది, కానీ దారం విషయంలో కఠినం. అప్లిక్ అనే పని ఆమె దగ్గరే మొదటిసారి విన్నాను. ఒక గుడ్డలో పువ్వో ఆకో కత్తిరించి, ఇంకో గుడ్డ మీద పెట్టి, అంచు కనపడకుండా చుట్టూ మిషనుతో దట్టంగా కుట్టేస్తే అప్లిక్. నాకు నవ్వొచ్చింది. మా అమ్మ చేస్తే అతుకు, చిరుగు లేనిచోట చేస్తే అప్లిక్. ఈ మాట పైకి అన్నాను కూడా, ఆ పూట నన్ను బెంచీ చివర కూర్చోబెట్టారు.

అప్లిక్‌లో సగం పని దారం ఎంచుకోవడమేనని టీచరమ్మ చెప్పేది. రీలు మీద కనిపించే రంగును నమ్మకూడదు. రీలు మీద దారం గుంపుగా ఉంటుంది కాబట్టి ముదురుగా కనిపిస్తుంది, ఒక్క పోగు లాగి గుడ్డ మీద పరిస్తే వెలిసినట్టుంటుంది. కాబట్టి రంగు దారమైతే గుడ్డకన్నా ఒక పిసరు ముదురు తీసుకోవాలి. పోగును తడిపి తెల్లగుడ్డ మీద రుద్ది రంగు దిగుతుందేమో చూడాలి. పైన మెరుపు దారం వెయ్యాలి, కింద బాబిన్ అనే చిన్న కండెలో మామూలు దారం చాలు. అన్నింటికన్నా ముఖ్యం, అంగడి లోపలి చీకట్లో చూడకూడదు, గడప దగ్గర వెలుగులో చూడాలి. పన్నెండు మంది ఆడపిల్లలం బజారులో దారాల అంగడి మీద పడి, ఒక్కొక్క రీలు నుంచి పోగు లాగి, గడప దగ్గరికి పరుగెత్తి, తల అడ్డంగా ఊపి వెనక్కి వచ్చేవాళ్లం. అంగడాయన మూడు వారాలు ఓర్చుకున్నాడు. నాలుగో వారం అడిగేశాడు.

"ఏమ్మా, దారం కొంటాండారా, సంబంధం చూస్తాండారా?"

పరీక్షకు కుట్టాల్సింది ముందే బోర్డు మీద రాశారు: పల్లెటూరి పిల్లకు రోజూ తొడిగే గౌను, లేత నీలం గుడ్డ, దాని మీద తెల్ల బాతు అప్లిక్. బాతు బొమ్మ టీచరమ్మ ఒక పుస్తకంలో నుంచి దించి ఇచ్చింది. మాలో ఒక్కతీ బాతును చూడలేదు. గోరంట్ల పిల్ల అది మూతి వాచిన కొంగ అంది. తాడిపత్రి పిల్ల తాను రైల్లోంచి ఒకసారి చూశానంది, ఎక్కడ చూశావంటే చెప్పలేకపోయింది. బాతు నీళ్లలో ఉంటుందని టీచరమ్మ వివరించింది. మా జిల్లాకు ఇది ఎందుకు వచ్చిందో ఆమె వివరించలేదు.

పరీక్షకు ముందు నాలుగు రోజులు సెలవిస్తే ఇంటికి పోయాను. సంచిలో మెరుపు తెల్ల దారం కొత్త రీలు ఉంది. అక్కడే నాకు తెలివి ఎక్కువైంది. పల్లెటూరి పిల్ల రోజూ తొడుక్కునే గౌను అన్నారు కదా, రోజూ తొడుక్కుంటే రోజూ ఉతకాలి కదా, మరి తెల్ల దారం వేస్తే ఆ బాతు గతి ఏం కావాలి అని ఆలోచించాను. అమ్మను అడగలేదు. నేనే ముంత తీసుకుని దారాన్ని బావి అడుగు నీళ్లలో నానేశాను. నాలుగు రోజులకు బ్రహ్మాండమైన మన్నురంగు తేలింది. దాన్ని మళ్లీ రీలుకు చుట్టుకుని, పరీక్ష పెట్టే అమ్మ నా బుర్ర చూసి మెచ్చుకుంటుందని దారి పొడుగునా మురిసిపోతూ పోయాను.

ఆ అమ్మ కోస్తా వైపు నుంచి వచ్చింది. గంజి పెట్టిన తెల్లచీర, దాని మీద ఒక్క మరక లేదు. అందరి గౌన్లూ చూసుకుంటూ వచ్చింది. నా కుట్టును వేలితో తడిమి, గౌను తిప్పి వెనకవైపు చూసి తల ఊపింది. కుట్టు నచ్చిందని నాకు అర్థమైంది. తర్వాత ముందువైపు తిప్పింది. తెల్లబాతు చుట్టూ ఎర్రటి గీత.

"ఏమిటమ్మా ఇది? తెల్లబాతుకు ఈ మట్టి దారం వేశావేమిటి?"

"మా ఊళ్లో ఉతికితే బాతు గూడా ఇదే రంగుకొస్తాదమ్మా" అన్నాను.

వెనక పిల్లలు కిసుక్కున నవ్వారు. టీచరమ్మ కిటికీలోంచి బయటకు చూడడం మొదలుపెట్టింది. పరీక్ష పెట్టే అమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"పరీక్ష మీ ఊళ్లో పెట్టలేదు కదమ్మా" అంది, కాగితం మీద ఏదో రాసుకుని పక్క పిల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఫలితం గ్రామసేవిక తెచ్చింది. తెచ్చినావిడ మా ఇంటికి రావచ్చు కదా, ప్రెసిడెంటమ్మ అరుగు మీద పదిమంది ముందు చదివింది. ప్రెసిడెంటమ్మ నన్ను చాలా ఓదార్చింది. ఓదార్చి లోపలికి పోయి మిషనుకు కొత్త కుంకుమ పెట్టింది. ఇంకో ఆరు నెలలకు మళ్లీ పరీక్ష ఉందని గ్రామసేవిక అంటోంది, నాకు వినపడడం లేదు. నాకు ఆ కుంకుమే కనపడుతోంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ కాయలు వలుస్తోంది. ఆ కాయల కుప్పను చూడగానే నాకు ఒళ్లు మండింది.

"అంతా నీ వల్లనే. నీ బురద నీళ్లు, నీ అతుకులు. టౌనులో నన్ను చూసి అందురూ నవ్వినారు" అన్నాను.

ముంతలో దారం వేసింది నేను. ఆమెకు ఆ సంగతే తెలియదు. అది తెలిసే అన్నాను. అమ్మ కాయలు పక్కన పెట్టి, లేచి, నా సంచిలోంచి గౌను తీసి, చాలాసేపు బాతును చూసింది. తర్వాత దాన్ని తీసుకుపోయి మాసిన గుడ్డల్లో వేసింది.

ఆ వారం నాయన పంచెలతో పాటు దాన్నీ ఉతికింది. పై వారమూ ఉతికింది. మధ్యలో మా అన్న కూతురికి తొడిగింది, నాలుగేళ్ల పిల్ల, ఆ గౌనుతో మన్నులో పొర్లని రోజు లేదు. అమ్మ నాతో దాని ఊసే ఎత్తలేదు. నేనూ మొహం మాడ్చుకుని తిరిగాను. నెల దాటాక ఒక మధ్యాహ్నం అమ్మ ఆ పిల్లను రెక్క పట్టుకుని తెచ్చి నా ముందు నిలబెట్టింది.

"ఏదీ, నీ తప్పు యాడుండాదో సూపీ" అంది.

చూశాను. నీలం మాసి బూడిద రంగుకు వచ్చింది. బాతు మా చేను రంగుకు వచ్చింది. దారం ఎక్కడుందో కనపడలేదు. గోటితో తడిమితే తప్ప అక్కడ కుట్టు ఉందని ఎవరూ అనలేరు. గడప దగ్గర వెలుగులోకి తీసుకుపోయి చూశాను, టీచరమ్మ చెప్పినట్టే. అక్కడా కనపడలేదు. నాకు ఏడుపొచ్చింది. అమ్మను అన్న మాటకు సిగ్గుతో చచ్చిపోయాను. ముంతలో దారం వేసింది నేనేనని అప్పుడు చెప్పాను. అమ్మ అది పెద్ద విశేషంగా తీసుకోలేదు.

"బాగనే నానేసినావు" అంది. పిల్లను ఆడుకోవడానికి పంపేసి, "ఆయమ్మకు తెల్లదే కావల్లంటే తెల్లదే కుట్టిచ్చి రా. మనకు మిషను కావల్ల" అంది.

మళ్లీ ఆరు నెలలు. మళ్లీ అదే నీలం గుడ్డ, అదే బాతు. ప్రభుత్వంలో ఏది మారినా ఆ బాతు మారలేదు. మళ్లీ ఆ కోస్తా అమ్మే వచ్చింది. ఈసారి నేను గడప దగ్గర పదిసార్లు చూసి ఎంచిన తెల్ల దారం వేశాను, బాతు ఎక్కడ ఆగిందో దారం ఎక్కడ మొదలైందో తెలియనంత తెల్లగా. ఆమె నన్ను గుర్తుపట్టి, ఇప్పుడు దారికొచ్చావు అంది. నేను తల వంచుకుని నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే ఇప్పటికీ చిరాకు.

పాసయ్యాను. ఎద్దుల బండి మీద మిషను మా ఇంటికి వచ్చింది. ప్రెసిడెంటమ్మ పైన కప్పిన గుడ్డ ఉంచేసుకుంది, తాంబూలం పళ్లెం ఉంచేసుకుంది, కుంకుమ మాత్రం వదిలేసింది. తొక్కేదానికి బొట్టేందే అని అమ్మ కొంగుతో దాన్ని తుడిచేసి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది. కాలు పెట్టాను. లక్ష్మీదేవి ఏమీ అనలేదు. ఆ తర్వాత పాతికేళ్లు ఆ మిషను మీద ఊరందరికీ కుట్టాను. శనక్కాయల ముందు మళ్లీ కూర్చోలేదు. తెల్ల దారం రీలు ఏది కొన్నా ముందు ముంతలో వేసేదాన్ని.

మొదటి గౌను మా అన్న కూతురు తొడుక్కుంది, తర్వాత దాని చెల్లెలు తొడుక్కుంది, చివరికి చీలికలై మిషను నూనె తుడవడానికి పనికొచ్చింది. అప్పటికీ బాతు చుట్టూ కుట్టు ఊడలేదు.

మిషను వచ్చిన రోజే అమ్మ నా సంచిలోంచి రెండో గౌను తీసింది. దానికి ముద్ర వేసిన కాగితం ఇంకా గుచ్చి ఉంది.

"ఇది పాసయిన బాతా?" అంది.

"ఊ."

"తే, ఉతుకుతా."

"వద్దమ్మా" అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసి నవ్వింది. అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు, కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వి, దాన్ని మడిచి నా చేతికిచ్చింది.

ఆ గౌను ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఎవరూ తొడుక్కోలేదు. బాతు తెల్లగా ఉంది, చుట్టూ దారమూ తెల్లగానే ఉంది. దాన్ని ఇంతవరకు ఒక్కసారి కూడా నీళ్లలో పెట్టలేదు.