ఎవరో ఇచ్చిన కన్ను

పోయిన వారం అనంతపురంలో కంటి డాక్టరమ్మ నన్ను చూసి, నల్లగుడ్డు లోపలివైపు పలుచటి పొర ఒక్కటే పాడైందని, చనిపోయినవారి కంటినుంచి తీసిన అట్లాంటి పొరను అతికిస్తే చాలని, కుట్లు కూడా పెద్దగా పడవని చెప్తా ఉంటే, సంతోషం కలగాల్సింది పోయి నాకు మా అమ్మ కన్నే గుర్తుకొచ్చింది.

మాది ఉరవకొండ పక్కన మెట్ట సేద్యం. మీ ఇండ్లల్లోనూ చూసుంటారు, ఆ కాలంలో కంట్లో ఏం పడినా ఆకు పసరే మందు. శెనక్కాయ చెట్లు పీకేటప్పుడు అమ్మ కంటికి కట్టె గీసుకుంటే మా పెద్దమ్మ పసరు పిండింది, అది చీము పట్టి, మానేసరికి కంట్లో తెల్లగా పువ్వేసి చూపు పోయింది. రెండో కన్ను చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయిందాయె. చివరకు పట్నం పెద్దాసుపత్రిలో, ఎవరో చనిపోయినవారి నల్లగుడ్డు పొరను గుండ్రంగా కోసి, చుట్టూ సన్నగా కుట్లేసి అమ్మకు పెట్టినారు. చూపొచ్చినాక అమ్మ మొదట చేసిన పని నా తల నెరిసిందని ఎగతాళి చేయడం. డాక్టరు మాత్రం, ఒళ్ళు ఆ పొరను పరాయిదని తోసేయొచ్చని, కన్ను ఎర్రబడితే ఆ పొద్దే బస్సెక్కమని, ఆలస్యమైతే దక్కదని నాకు రెండు మూడు తూర్లు చెప్పినాడు.

రెండేండ్లు వరసగా ఎండగట్టినాక ఆ యేడు వాన పడి నేల విత్తనానికి పదునైంది. మా పక్క గొర్రు వెనక విత్తనం విడిచేది ఆడవాళ్ళే, అందులో అమ్మ చేతివాటం ఊరంతా ఎరిగిందే, చూపొచ్చినప్పటినుంచి ఆ దినం కోసరమే కాచుకొని ఉండింది. సరిగ్గా ఆ పొద్దే కన్ను ఎర్రబడి నీళ్ళు కారతాంది. నేను చూసినాను. చూసి కూడా అన్నాను.

"పదును ఆరిపోతాది, నాలుగు దినాలు ఓర్చుకోమ్మా. విత్తనం పడినాక పోదాం."

అమ్మ కొంగుతో కన్ను అదుముకుంటా గొర్రు వెంట నడిచింది. ఐదో దినం పోతే డాక్టరు టార్చి వేసి చూసి, ఇంక దక్కదన్నాడు. పొర తెల్లగా మబ్బేసిపోయింది. ఇంకొకటి వేస్తామన్నారు గాని, ఆ కాలంలో కండ్లిచ్చేవాళ్ళు యాడున్నారప్పా, పేరు రాయించి వచ్చేసినాము. ఆ శెనక్కాయ పైరూ, ఊడలు భూమిలోకి దిగి కాయ పట్టే వేళకు వాన లేక మాడిపోయింది.

అమ్మ నన్ను నిందించలేదు. ఆ పొద్దు ఆసుపత్రినుంచి తిరుగు బస్సులో ఒక్కటే అడిగింది.

"ఎవరో చచ్చిపోతా ఇచ్చిన కన్నురా అది. వాళ్ళకేం జవాబు చెప్దాము?"

ఆసుపత్రి పిలుపు రాకముందే అమ్మ పోయింది. ఇప్పుడు కండ్లు దానం చేసేవాళ్ళు పెరిగినారు, చిన్న గాటుతో పని అయిపోతాది, మరుసటి దినమే ఇంటికి పంపిస్తారంట. మంచిదే, సంతోషమే. మా ఇంటిది ఆపరేషనుకు ఒప్పుకోమని దినమూ పోరుతాంది. ఒకరి కన్ను చేజేతులా పోగొట్టినవాణ్ణి, ఇంకొకరిది ఏ మొహం పెట్టుకొని అడిగేది?