కాటా మీద ఇద్దరం

చిత్తూరు బెల్లం మండీ పక్కన లారీలు తూచే కాటా ఒకటి ఉంది. దాని ఇనప పలక మీదికి బండి ఎక్కినప్పుడు పలక వెంట్రుకవాసి కిందికి దిగి, అడుగున ఎక్కడో ధబ్‌మని శబ్దం చేసి ఆగుతుంది. మొన్న పని మీద అటు వెళ్లి రోడ్డు దాటబోతుంటే ఆ శబ్దం వినిపించింది. ఎండకు కరుగుతున్న బెల్లం వాసన, లారీ పొగ, వాటి మధ్య ఆ చప్పుడు. చెవి కంటే ముందు నా మోకాళ్లు దాన్ని గుర్తుపట్టాయి. చాలా ఏళ్ల కిందట అదే పలక మీద ఒక కారులో కూర్చుని ఆ దిగుడును నేను అనుభవించాను. అప్పుడు నా పక్కన ఏసురత్నం సారు ఉన్నారు.

ఆయన తిరుపతిలో ఒక ఇంజనీరింగు కాలేజీలో ఇంజన్ల లేబొరేటరీ చూసే లెక్చరరు. పుట్టింది వడమాలపేట దగ్గర ఒక పల్లెలో. భార్య పెళ్లయిన కొద్ది కాలానికే పోయింది, పిల్లలు లేరు. ఆదివారం చర్చి, మిగతా రోజులు లేబొరేటరీ. ఇంటికి ఎవరినీ పిలిచేవారు కాదు, ఎవరింటికీ వెళ్లేవారు కాదు. నేను వెతుక్కుంటూ వెళ్లింది ఆయన కోసం కాదు, ఆయన దగ్గరున్న యంత్రం కోసం.

మాది పాలెగాళ్ల వంశం. మా ముత్తాత గుర్రం దిగకుండానే తన ఊళ్లన్నీ చూసి వచ్చేవాడని చెప్పేవారు. నా కాలానికి ఊళ్లు లేవు, మడులు లేవు. చివరికి చిత్తూరులోని ఇల్లు కూడా నూనెమిల్లు వాళ్లకు అమ్మి, ఆ ఏడే నాయన కన్ను మూశాడు. నాకు మిగిలింది ఆయన ఎక్కి తిరిగిన హెరాల్డ్ కారు. దాన్ని నాయన ఒక్కనాడూ నడపలేదు. మా ఇంటి మగవాళ్లు వెనక సీట్లో కూర్చుంటారు, స్టీరింగు పట్టేది పనివాళ్లు. డ్రైవరు కాశిం వెళ్లిపోయాక నేను ఊరవతల ఎవరూ చూడకుండా నడపడం నేర్చుకున్నాను.

మద్రాసుకు అవతల యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన పాత రన్‌వే ఒకటి ఉండేది. డెబ్బైల చివర్లో దాని మీద కార్ల పందేలు జరిగేవి. రెండు కార్లను పక్కపక్కన నిలబెట్టి, పావు మైలు ఏది ముందు దాటుతుందో చూసే పందెం అందులో ఒకటి. నూనెమిల్లు వాళ్లబ్బాయి మురళి అంతకు ముందు ఏడు దాన్ని పంతొమ్మిదింబావు సెకన్లలో దాటి వచ్చి, చిత్తూరంతా చెప్పుకున్నాడు. ఒకరోజు పెట్రోలు బంకులో నా కారు చుట్టూ తిరిగి చూశాడు.

“ఏమప్పా, మీ నాయన కారే గదా ఇది. ఇంకా కదులుతా ఉండాదే.”

“నీ దానికన్నా బాగానే కదులుతాది.”

“యాడికి? గుడికా?” అని నవ్వాడు. నేను పుట్టిన గదిలో అతను నిద్రపోతున్నాడు. ఆ నవ్వుకు నేను మాటతో జవాబు చెప్పదలచుకోలేదు.

ఇంజను విప్పి, పైభాగం మద్రాసులో లేతు మీద అరగదీయించాను. ఒకటున్న చోట రెండు కార్బురేటర్లు పెట్టించాను. పొగగొట్టం మార్చాను. పనిచేసిన ప్రతివాడూ బండి గాలిలో తేలుతుందన్నాడు. ఎంత శక్తి పెరిగిందో తెలుసుకుని, పందేనికి ముందే మురళి చెవిన వేయాలని నా కోరిక. అందుకే ఏసురత్నం సారు దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను, నా ఇస్త్రీ చొక్కాను, బయట నిలబెట్టిన కారును చూశారు.

“ఇంజను దించి తీసుకురాప్పా. బండి అందంతో నా బ్రేకుకు పని లేదు.”

ఆయన బ్రేకు అన్నది డైనమోమీటరును. ఇంజనును ఇనప దిమ్మెకు బిగించి, దాని ఇరుసును నీళ్లు నిండిన ఒక ఇనప పీపాకు కలుపుతారు. ఇంజను ఆ నీళ్లతో పెనుగులాడుతుంది. ఎంత బలంగా పెనుగులాడుతోందో పక్కనున్న త్రాసు ముల్లు చూపిస్తుంది. వేడెక్కిన నీళ్లు ఆవిరి కక్కుతూ కాలువలోకి పోతాయి. సారు ముందుగా గోడ మీది బారోమీటరు చూసి, గదిలో వేడి ఎంతో చూసేవారు. “మన తిరుపతి ఎండకు గాలి పలచనైపోతాది. ఇంజను పీల్చేది ఆ గాలినే గదా. దానికింతని సరిచేయాల,” అనేవారు.

ఒక్కో వేగం దగ్గర ఎన్నోసార్లు ముల్లు చూసి, నల్లబల్ల మీద అంకెలు వేసేవారు. అన్నీ అయ్యాక వాటిలో అన్నిటికంటే గొప్పగా వచ్చినదాన్ని చేత్తో తుడిచేసేవారు. మొదటిసారి అది చూసి నాకు ఒళ్లు మండింది.

“అది కూడా మీ ముల్లు చూపించిందే గదా సార్. ఎందుకు తుడిచేసినారు?”

“అది నిన్ను మెచ్చుకుంటా ఉండాది. మెచ్చుకునే అంకె పందెం రోజు నీతో రాదు. మిగిలినవి వస్తాయి.”

పుట్టినప్పటి నుంచి మెప్పు వింటూ పెరిగినవాడిని నేను. ఇంకోరోజు, శక్తి రెట్టింపైతే పావు మైలు సగం కాలంలో దాటవచ్చా అని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “బండి బరువును శక్తితో భాగించి, వచ్చినదానికి ఘనమూలం కట్టాల. ఆ ఘనమూలం దగ్గర అందరి గొప్పలూ చిన్నవైపోతాయి. నువ్వు పడిన పాటంతటికీ వచ్చేది రెండు మూడు సెకన్లు. కానీ అవి నిజంగా వస్తాయి.”

శక్తి తెలిసింది. ఇక బరువు కావాలి. ఇంజనును మళ్లీ కారులో బిగించాక, చిత్తూరు పోదామన్నారు. తిరుపతిలో కాటాలు లేవా అని అడిగితే, “బెల్లం మండీ కాటాను ఒక పక్క రైతు, ఇంకో పక్క వ్యాపారి కన్నార్పకుండా సూస్తా ఉంటారు. అది తప్పు చెప్పి బతకలేదు,” అన్నారు. మద్రాసు నుంచి డ్రైవరును పిలిపిస్తానని, పందెంలో అతనే నడుపుతాడని నేను చెప్పాను.

“ఆ మనిషి బరువు నాకేం తెలుసు? నువ్వు కూసో.”

మండీలో సగం మందికి నాయన తెలుసు. నేను స్టీరింగు పట్టుకుని కారును పలక మీదికి ఎక్కిస్తుంటే, బెల్లం దిమ్మెలు మోసేవాళ్లు ఆగి చూశారు. తలపాగా చుట్టిన ముసలాయన ఒకరు పక్కవాడితో, నాకు వినపడేలాగే అన్నాడు: “అయ్యగారి కొడుకు డ్రైవరు పనికి దిగినాడేమప్పా.”

నేను వీపు నిటారుగా పెట్టి ఎదురుగా చూస్తూ ఉండిపోయాను. నా మెడ మీద చెమట కారుతోంది. అప్పుడు ఎడమ పక్క తలుపు తెరుచుకుంది. సారు ఎక్కి కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకున్నారు. పలక ధబ్‌మని దిగింది.

“మీరు దిగండి సార్, లెక్క తప్పుతాది.”

“ఉండనీప్పా. తూచుకోనీ,” అన్నారు. ఆ జనాన్ని చూసి, కాటా మనిషిని చూసి, “కానీబ్బా,” అని చెయ్యి ఊపారు. కాటా మనిషి ఇద్దరితో కలిపి బరువు చెప్పాడు. సారు తన బరువు తర్వాత తీసేసుకుంటారనుకున్నాను.

మరునాడు లేబొరేటరీలో లెక్కలు కట్టే స్లైడ్‌రూలు జరిపి, ఆయన నా ముఖం చూడకుండా చెప్పారు. “పంతొమ్మిదిన్నర.”

అంటే మురళి చేతిలో పావు సెకను తేడాతో ఓడిపోతాను. ఇంకోసారి కట్టమన్నాను. “ఎన్నిసార్లు కట్టినా అంతేప్పా,” అన్నారు. సెలవు కూడా తీసుకోకుండా వచ్చేశాను. ఆ తర్వాత పందెం దాకా ఆ వైపు పోలేదు. ఇల్లు పోయాక తిరుపతి బస్టాండు దగ్గర తీసుకున్న అద్దె గదిలో కూర్చుని, కొండకు పోయే బస్సులను, వాటిలో గోవిందలు కొట్టే కుటుంబాలను చూస్తూ ఉండేవాడిని. ఆ ఊళ్లో నాతో మాట్లాడే మనిషి ఆయనొక్కరే అని ఆ వారాల్లో తెలిసింది. తెలిసినా వెళ్లలేదు. మద్రాసు డ్రైవరుకూ కబురు పెట్టలేదు.

పందెం నాటి పొద్దున గదికి తాళం వేసి దిగేసరికి, సారు టిఫిన్ క్యారియరు పట్టుకుని కారు దగ్గర నిలబడి ఉన్నారు.

“డ్రైవరు యాడ?”

“నేనే సార్.”

ఆయన తల ఊపి, ముందు సీట్లో ఎక్కారు. వడమాలపేట దాటుతున్నప్పుడు వేలు చూపించి, “ఆ చింతచెట్ల యెనకాల మా ఊరు,” అన్నారు. ఆగుదామా అని అడిగాను. “ఎవురుండారు ఆడ, ఆగేదానికి? పోనీ,” అన్నారు. మద్రాసు దాకా మేము మాట్లాడుకున్నది అంతే.

రన్‌వే మీద మా వంతు వచ్చింది. మురళి కారు పక్క గీత మీద నిలబడి ఉంది. జెండా మనిషి మా కారు దగ్గరికి వచ్చి వంగి చూసి, నడిపేవాడొక్కడే ఉండాలి, ఇంకొకరు దిగాలి అన్నాడు. సారు ఒక్క క్షణం కదల్లేదు. ఆ నియమం ఆయనకు తెలియదని నాకు అర్థమైంది. తర్వాత క్యారియరు తీసుకుని దిగి, తలుపు మెల్లగా వేశారు.

“సరేప్పా. పో,” అన్నారు.

అన్నాళ్లూ నేను ఎదురుచూసింది అందుకే కదా, అందరూ చూస్తుండగా మురళి పక్కన నిలబడడానికి. కానీ నా చూపు ఖాళీ అయిన ఎడమ సీటు మీదికే పోయింది. జెండా పడింది. తారు వాసన, ఇంజను అరుపు, గేరు మార్చిన ప్రతిసారీ ఒక కుదుపు. సగం దూరం మురళి ముందున్నాడు. ఆ తర్వాత లేడు.

పంతొమ్మిది సెకన్లు. మురళిది ఎప్పటిలాగే పంతొమ్మిదింబావు. అతను వచ్చి చెయ్యి కలిపాడు. “గుడి దాటినావప్పా,” అన్నాడు. నిజాయితీగానే అన్నాడు. నేను గెలిచిన సంగతి చెప్పుకోడానికి చుట్టూ చూశాను. కంచె దగ్గర, ఎండలో, క్యారియరుతో ఒక్క మనిషి నిలబడి ఉన్నారు.

“మీ లెక్క అర సెకను తప్పింది సార్,” అన్నాను. గొంతులో గర్వం దాచుకోలేకపోయాను.

“తప్పలేదప్పా. దాంట్లో నేనుండా. కాటా మీద ఇద్దరం గదా. నన్ను తీసేసి కట్టుకో, పంతొమ్మిదే వస్తాది.”

“తీసేసే కట్టుండొచ్చు గదా?”

ఆయన ఖాళీ రన్‌వే వైపు చూస్తూ అన్నారు. “ఇట్లా ఒక్కణ్నే పంపిస్తారని నాకేం తెలుసబ్బా. పక్కన మనిషుంటాడు అనుకుంటి.”

తిరిగి వస్తూ పుత్తూరు దగ్గర రోడ్డు పక్కన ఆగి పెరుగన్నం తిన్నాం. ఇద్దరికీ సరిపడా తెచ్చారు. ఆ తర్వాత ఏడు తన లేబొరేటరీలో మెకానిక్ పని ఖాళీగా ఉందని చెప్పారు. మా బంధువులు నవ్వుతారని తెలిసే చేరాను, నవ్వారు కూడా. ఎనభైల మధ్యలో ఆయన పోయేదాకా రోజూ ఆ బ్రేకు పక్కన ఇద్దరం నిలబడ్డాం. చర్చి నుంచి శ్మశానానికి పెట్టెను మోసినవాళ్లలో నేనొకడిని. మా వంశంలో పరాయివాళ్ల శవాన్ని మోసినవాళ్లు లేరు. భుజం మీద ఆ బరువు నాకు కొత్త అనిపించలేదు.

ఇప్పుడు నా దగ్గరికి అప్పుడప్పుడు కుర్రవాళ్లు వస్తారు. కార్లకు ఏవేవో మార్పులు చేయించి, పావు మైలు ఎంతలో దాటుతుందో చెప్పమంటారు. అంకెలన్నీ వేసి, అన్నిటికంటే గొప్పదాన్ని కొట్టేస్తాను. తర్వాత, పక్క సీట్లో ఎవరు కూర్చుంటారని అడుగుతాను. ఎవరూ కూర్చోరని నవ్వుతారు. సరేనని చెప్పి, ఒక మనిషి బరువు కలిపే కడతాను. పందెం నుంచి వచ్చి, మీ లెక్క అర సెకను తప్పింది సార్ అని సంబరంగా చెబుతారు. తప్పిందనే ఒప్పుకుంటాను.