అత్త గదిని స్టోర్ రూమ్ అన్నారు

మా నాన్న మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంది. సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న మా పాత మేడని అమ్మకానికి పెట్టినందుకు కాదు. అమ్ముకోనీ. అత్త అందులో లేనే లేనట్టు బేరం ఆడినందుకు.

అత్త నాన్నకి స్వయానా చెల్లెలు. పెళ్ళి మాటెత్తితే "నాకు మిషనుంది, చాలు" అని నోరు మూయించిన మనిషి. కింద సముద్రం వైపు గది ఆమెది. అక్కడే మంచం, అక్కడే కుట్టుమిషను. హోటళ్ళకి కర్టెన్లూ దిండు గలీబులూ కుట్టి, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతికింది. "ఆ గది దానిదేరా" అని తాతయ్య పోయేముందు అంటే నాన్న తలూపాడు. అంతే, కాగితాలేం లేవు.

ఉప్పుగాలికి ఆ ఇంట్లో ఇనుము బతకదు. పొద్దున్నే మిషను నూనె డబ్బా పట్టుకుని అత్త ఇల్లంతా తిరిగేది. ప్రతి కీలుకీ ఓ చుక్క, ప్రతి గడియకీ ఓ చుక్క. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఎవరూ గమనించనూ లేదనుకున్నాను.

ఒకరోజు బ్రోకరు ఓ జంటని వెంటబెట్టుకొచ్చాడు.

"తాతల నాటి తలుపులు సార్, కిర్రుమని కూడా అనవు. ఇంత విశాలంగా, ఇంత కళగా ఉన్న ఇల్లు ఇప్పుడెక్కడుంది?" అని ఊదరగొడుతూ అత్త గది తలుపు తోశాడు. ఆమె మిషను తొక్కుతోంది. "ఇది స్టోర్ రూమండీ. ఖాళీ చేయించేస్తాం."

నాన్న పక్కనే ఉన్నాడు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు నిలబడ్డాడు.

అత్త మిషను తొక్కుతూనే ఉంది. మర్నాటి నుంచి నూనె డబ్బా ముట్టుకోలేదు. వానలు పట్టుకున్నాయి. తలుపులు కీచుమనడం, గడియలు మొరాయించడం మొదలైంది. నాన్న వానని తిట్టుకున్నాడు.

బేరం ఖాయం చేసుకుందామని ఆ జంట మళ్ళీ వచ్చింది. నాన్నా, బ్రోకరూ, ఆ జంటా మేడమీది గదిలో ఉండగా గాలికి తలుపు ధడాలున మూసుకుంది. తుప్పు పట్టిన పిడి బిగుసుకుపోయింది. లోపల్నుంచి బాదుడే బాదుడు. బయట నేనెంత లాగినా రాలేదు. అత్త నింపాదిగా మెట్లెక్కి వచ్చింది.

"చెల్లీ! ఆ నూనె చుక్క వెయ్యవే! రోజూ వేసేదానివిగా!" అని నాన్న అరిచాడు.

అంటే తెలుసన్నమాట! ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాడు. నాకైతే ఆ తలుపు అలాగే ఉంటే బావుణ్ణనిపించింది.

"నూనె ఏ గదిలో ఉంటుందన్నయ్యా?" అంది అత్త.

"నీ గదిలోనే కదే" అన్నాడు నాన్న, గొంతు తగ్గించి.

"నాకు కాదు. కొనేవాళ్ళకి వినపడేలా చెప్పు."

లోపల చప్పుడు ఆగిపోయింది. అత్త పై మెట్టు మీద కూర్చుంది. నూనె డబ్బా ఆమె ఒళ్ళోనే ఉంది.