చిలక చెప్పిన నీటి గండం

నా చిన్నప్పుడు మా ఇంట్లో స్నానాల బకెట్టు సగానికి మించి నిండకూడదని ఒక శాసనం ఉండేది. శాసనం చేసింది మా నాయనమ్మ. చేయించింది ఒక చిలక.

అప్పట్లో మేము సముద్రం దాటి వచ్చి, ఈ దీవిలో జురాంగ్ అనే పేటలో ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నాన్న ఓడల యార్డులో వెల్డింగ్ పని చేసేవాడు. ఒక ఆదివారం సెరంగూన్ రోడ్డుకు కూరగాయలకని వెళ్ళినప్పుడు, అంగళ్ళ ముందరి నడవాలో పంజరం పెట్టుకుని కూర్చున్న జోస్యుడి ముందు నాయనమ్మ నన్ను నిలబెట్టింది. చిలక ఠీవిగా బయటికి వచ్చి, వరసగా పేర్చిన కవర్లలోంచి ఒకదాన్ని ముక్కుతో లాగింది. అందులో దేవుడి బొమ్మ ఉంది. జోస్యుడు బొమ్మను చూసి, నన్ను చూసి, పిల్లకు నీటి గండం ఉందని తమిళంలో చెప్పాడు. నాయనమ్మ ముఖం పాలిపోయింది. చిలక మాత్రం తన వడ్లగింజ తాను తిని లోపలికి వెళ్ళిపోయింది.

చుట్టూ సముద్రం ఉన్న ఊళ్ళో నీళ్ళకు దూరంగా పెరగడం ఎంత చిత్రమో చెప్పలేను. వాన వెలిసినా మురుగు కాలవ పక్కన నడవకూడదు. బడి పిల్లలు పడవెక్కి పక్క దీవికి విహారానికి పోతే నేను ఇంట్లో కూర్చోవాలి. బడిలో ఈత నేర్పిస్తామంటే నాయనమ్మ ససేమిరా అంది, నాన్న తల్లి మాట జవదాటే మనిషి కాదు. మా అంతస్తు నడవాలో నిలబడితే దూరంగా ఈతకొలను నీలంగా కనబడేది. నా తోటి పిల్లలు అందులో గంతులు వేస్తుంటే ఎంత ఏడుపొచ్చేదో. అంతకన్నా ఘోరం, మెల్లమెల్లగా నాకే భయం పట్టుకుంది. చివరికి ముఖం కడుక్కునేటప్పుడు కూడా గుండె దడదడలాడేది.

మా పక్కింట్లో కూడా తెలుగువాళ్ళే ఉండేవారు. ఆ ఇంటి అక్క యూనివర్సిటీలో చదివేది. ఒకరోజు ఆమె కళ్ళకు తెల్ల గుడ్డ కట్టుకుని, నడవాలో తడుముకుంటూ, ఇంగ్లీషులో ఏవో శాపాల్లాంటి మాటలు చెబుతోంది. పిచ్చెక్కిందేమో అనుకున్నాను. అడిగితే నవ్వి, పాత గ్రీకు నాటకాల పద్ధతిలో వాళ్ళ మాస్టారు ఒక నాటకం రాశారని, అందులో తనది గుడ్డి ఋషి వేషమని చెప్పింది. ఆ నాటకాల్లో దేవుడు ఒక మాట అంటాడట, కళ్ళు లేని ఋషి ఆ మాటను మోసుకొస్తాడట, కళ్ళున్న రాజు దాన్ని తప్పించుకోవాలని పరుగెత్తుతాడట. పరుగెత్తి ఎక్కడికి పోతాడని అడిగాను. "అది మీ నాయనమ్మతో వచ్చి చూద్దువుగానిలే" అంది.

నేను ఋషి వేషం వేస్తున్నాను, వచ్చి దీవించండి మామ్మగారూ అని ఆ అక్క పిలిచేసరికి నాయనమ్మ పొంగిపోయి, పట్టుచీర కట్టుకుని బయల్దేరింది. ఇంగ్లీషు ముక్క రాదన్న దిగులే లేదు. శనివారం సాయంత్రం మమ్మల్ని ముందు వరసలోనే కూర్చోబెట్టారు.

కథ ఇదీ. రాజు కొడుకు అగ్గికి ఆహుతవుతాడని దేవుడి మాటగా ఋషి చెబుతాడు. రాజు మండిపడి ఋషిని గెంటించి, ఊళ్ళో పొయ్యిలూ దీపాలూ అన్నీ ఆర్పించేస్తాడు. ముఖాలకు ముసుగులు పెట్టుకున్న ఊరి పెద్దల గుంపు ఒక పక్కన నిలబడి, పూర్వం ఇలా దేవుడి మాటకు బెదిరి పరుగెత్తినవాళ్ళ కథలు పాడుతుంది. నేను చెవిలో తెలుగు చేసి చెబుతుంటే, నాయనమ్మ నాకన్నా ముందే అర్థం చేసుకుని తలూపేది. దేవుడేడీ, కనబడడేం అని మాత్రం రెండుసార్లు అడిగింది. దేవుడు చివరిదాకా రానేలేదు, అతని మాటే వేదికంతా తిరిగింది.

ఆ కుర్రవాడు నిప్పంటే ఏమిటో తెలియకుండా పెద్దవాడయ్యాడు. ఒకనాడు వేదిక చివర ఎర్రటి వెలుగు కనబడింది. ఎంత అందంగా ఉందో అనుకుంటూ, చేతులు చాచి, చంటిపిల్లాడిలా దాని వైపు నడిచాడు. అప్పుడు మా నాయనమ్మ లేచి నిలబడి, హాలంతా వినబడేలా అరిచింది.

"ఒరేయ్ నాయనా, అటెళ్ళకురా! కాలుద్దిరా! ఆడికెవరైనా చెప్పండర్రా!"

జనం నవ్వారు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆ కుర్రవాడు తెర వెనక్కి వెళ్ళిపోయాడు, కాసేపటికి ఒక దూత వచ్చి అతను మంటల్లో కాలిపోయాడని చెప్పాడు. నవ్విన జనం వంక నాయనమ్మ చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

తిరుగు ప్రయాణంలో బస్సులో నాయనమ్మ కిటికీ పక్కన కూర్చుంది. బయటికి చూస్తూనే అంది. "మా తమ్ముడిక్కూడా ఇదే చెప్పేరే, నీటి గండం అని. ఆణ్ణి కాలవ గట్టెక్కనిచ్చేవోళ్ళం కాదు. ఊళ్ళో పిల్లలందరికీ ఈతొచ్చు, ఆడొక్కడికే రాదు."

పెళ్ళికి వెళుతుంటే గోదావరి కాలవలో పడవ తిరగబడిందట. మిగతా పిల్లలంతా ఈదుకుని గట్టుకు చేరారట. ఇన్నేళ్ళూ జోస్యం నిజమైందనే అనుకున్నానే అని నాయనమ్మ ఏడ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ముందు సీటులో ఉన్న అక్క వెనక్కి తిరగలేదు, కానీ అన్నీ విన్నదని నాకు తెలుసు.

మర్నాడు పొద్దున స్నానాల గదిలో బకెట్టు అంచుదాకా నిండి ఉంది.

ఆ వారమే నాయనమ్మ నన్ను ఈతకొలనుకు తీసుకెళ్ళింది. చైనీస్ మాస్టారుకు వచ్చీరాని మలయ్‌లో "పెలాన్ పెలాన్" అని, అంటే మెల్లగా మెల్లగా అని, పదిమార్లు చెప్పి, మెట్టు మీద కూర్చుని పాదాలు నీళ్ళలో పెట్టుకుంది. నేను మునిగి తేలినప్పుడల్లా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. జోస్యం అబద్ధమని ఆమె ఎప్పుడూ అనలేదు. భయం పోయిందనీ అనలేదు. భయపడుతూనే నన్ను నీళ్ళలోకి దించింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. ఆమెకు నేనెంత రుణపడి ఉన్నానో, మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టిన ఆ అక్కకూ అంతే.

మొన్నీమధ్య మా అమ్మాయి రాఫెల్స్ ప్లేస్ ఆఫీసు నుంచి గాభరాగా ఫోన్ చేసింది. ఎవరో జాతకం చూసి నా మనవరాలికి వాహన గండం ఉందన్నారట, పిల్లను రోడ్డు మీదికి పంపాలంటే భయమేస్తోందట. సరేనమ్మా, నేను చూసుకుంటానన్నాను. ఆదివారం వెళ్ళి పిల్లకు సైకిలు కొన్నాను, గట్టి హెల్మెట్టు కూడా. ఇప్పుడు రోజూ సాయంత్రం మా బ్లాకు కింద అది తొక్కుతుంటే నేను సీటు పట్టుకుని వెనకే నడుస్తాను. "ఐ కెన్ లా, అమ్మమ్మా, వదిలెయ్!" అని ఇక్కడి యాసలో అరుస్తుంది.

వదిలేసి బెంచీ మీద కూర్చుంటాను. నా పెదవులు మాత్రం కదులుతూనే ఉంటాయి.