ఎదురింటి మల్లన్నకు దొరికిన తాళాలు

చనిపోయిన రోజు పొద్దున బాపు చివరగా చేసిన మామూలు పని, ఎదురు క్వార్టర్‌లో ఉండే మల్లన్న కొత్త స్కూటీకి వంక పెట్టడం. గేటు దగ్గర నిలబడి, "గా రంగేందిరా మల్లన్నా, బెండకాయ తీరు? ఇంకోటి దొర్కలేదా?" అన్నాడు. మల్లన్న నవ్వి వెళ్ళిపోయాడు. బాపు లోపలికొచ్చి, "గా బండి రెండేండ్లు గూడ నడువది," అని అవ్వతో, అంటే మా అమ్మతో, చెప్పి మంచం మీద ఒరిగాడు. మళ్ళీ లేవలేదు.

బాపు పేరు అంతయ్య. మందమర్రిలో బొగ్గుబాయి పనికి ఆయనా మల్లన్నా ఒకేసారి కుదిరారు. బొగ్గును పేల్చే మందుగుండు మోసుకెళ్ళే పని ఇద్దరిదీ. మల్లన్న ఇంట్లో కూలర్ వస్తే మా ఇంట్లోకి అంతకన్నా పెద్దది రావాలి. పోచమ్మకు మల్లన్న ఒక యాట కోస్తే బాపు రెండు కోశాడు. ఆ రెండో యాట కోసమే, జీతం పడే ఏటీఎం కార్డును, కాలనీలో వడ్డీకి డబ్బులిచ్చే గంగుబాయి దగ్గర కుదువ పెట్టాడు. నెలనెలా ఆమే జీతం తీసి, మిత్తి పట్టుకుని, మిగిలింది చేతిలో పెట్టేది. మా కాలనీలో దాన్ని అప్పు అనరు. "కార్డు ఆడ ఉంది" అంటారు, చెప్పులు గడప బయట ఉన్నాయన్నట్టు.

అప్పటికే దుమ్ముకు బాపు ఊపిరి చెడింది. ఆ రోజుల్లోనే బాయి పైన, మందుగుండు నిల్వచేసే గోదాం తాళాలు చూసుకునే పని ఖాళీ అయింది. కుర్చీ, ఫ్యాను, వెలుతురు. అది దొరికితే ఇక కిందికి దిగనక్కర్లేదు. ఇద్దరి పేర్లూ పైకి వెళ్ళాయి. మనిషి ఎలాంటివాడో పోలీసులు విచారించి సరేనంటేనే తాళాలు ఇస్తారు.

"మల్లిగానికి మాత్రం రావద్దే," అన్నాడు బాపు అవ్వతో. తనకు రావాలని అనగా నేను వినలేదు.

ఎస్సై వచ్చి మా ముందు గదిలో కూర్చున్నాడు.

"అప్పులేమన్న ఉన్నయా అంతయ్యా?"

"ఒక్క పైస లేదు సార్. గా ఎదురింటోన్ని అడుగుండ్రి."

"జీతం ఎట్ల తీస్తవ్?"

"కార్డుతోని."

"ఏది, చూపియ్యి."

బాపు వంటింటివైపు తిరిగాడు. "ఏమే, కార్డు ఏడ వెట్టినవ్?"

అవ్వ చాయ్ తెస్తూ, "మన తాన ఏడుంది? గంగుబాయి తాన్నే ఉండె గదా, మర్చినవా?" అంది.

ఎస్సై చాయ్ అంతా తాగాడు. "రేపు గామె, పైసలొద్దు గోదాంల సామాను తెచ్చియ్యి, లేకుంటే నీ అప్పు సంగతి మీ సారుకు చెప్త అంటే ఏం జేస్తవ్?"

"గట్ల అనది సార్, మంచిది."

"నేనడిగితేనే లేదంటివి," అని ఎస్సై లేచాడు.

తాళాలు మల్లన్నకు వెళ్ళాయి. బాపు మళ్ళీ కిందికే దిగాడు. 'మల్లన్న లోపల ఎవర్నో పట్టుకున్నాడు' అన్నది మా ఇంటి తీర్పు. డ్యూటీ దిగి మల్లన్న చొక్కా మడత నలగకుండా వస్తుంటే, బాపు వాకిట్లో కూర్చుని కన్నార్పకుండా చూసేవాడు. "కుర్చీల కూసోని పొట్ట వెంచిండు," అనబోయి మధ్యలో దగ్గేవాడు. ఆ ఇస్త్రీ చొక్కా కనబడితే నాకూ మండేది.

పెద్దకర్మ నాడు మల్లన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేనే ఉండబట్టలేక అడిగాను: "అప్పుడు తాళాల కోసం ఎవర్ని వట్టుకున్నవ్ కాకా?"

"ఎవర్ని వట్టుకుంట బిడ్డా! నా కార్డు గూడ గంగుబాయి తాన్నే ఉండె. ఎస్సై సారు అడగంగనే చెప్పిన. ఇడిపించుకున్నంకనే తాళాలిస్తమన్నరు. బర్రెను అమ్మి ఇడిపించిన."

"గీ ముచ్చట బాపుకు చెప్పకపోతివి?"

మల్లన్న టవల్‌తో మొహం తుడుచుకున్నాడు.

"సారుకైతే చెప్పిన గని, మీ బాపుకు ఎట్ల చెప్పుదు? నవ్వుతడని చెప్పలె."